రక్తపరీక్షలో జీన్లు బాగున్నాయన్నారు, మరి గడ్డలో జరిగిందేమిటి?

మీరు పంపిన వివరాలు ఇవి. కదిరి నుంచి అమ్మగారిని బెంగళూరు తీసుకొచ్చి రొమ్ము ఆపరేషన్ చేయించారు. వయసు 58, నెలసరి ఆగి చాలా ఏళ్లయింది. గడ్డ 2.3 సెంటీమీటర్లు, గ్రేడ్ 2 (కణాల తీరుని బట్టి మధ్యరకం), చంకలో తీసిన నోడ్లలో (లింఫు గ్రంథుల్లో) ఒకదాంట్లో క్యాన్సర్ కణాలున్నాయి. ఈఆర్ (ఈస్ట్రోజెన్ రిసెప్టర్) 90 శాతం, పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) 60 శాతం, హెర్2 (కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీను) రెండు ప్లస్, కేఐ-67 (విభజనలో ఉన్న కణాల గుర్తు) 22 శాతం. రక్తంతో చేయించిన జన్యుపరీక్షలో వంశం నుంచి రొమ్ము క్యాన్సర్ తెచ్చే బీఆర్‌సీఏ జీన్లతో సహా ఏ లోపమూ లేదని వచ్చింది. ఇప్పుడు డాక్టరు గడ్డ మీద జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టు (ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచేది) చేయిద్దామంటున్నారు. ఒకసారి జీన్లు బాగున్నాయని తేలాక మళ్లీ జీన్ టెస్టు ఎందుకు, ఇది డబ్బు గుంజడమేనా అని ఒక ప్రశ్న. జీన్లు బాగుంటే అసలు క్యాన్సర్ ఎలా వచ్చింది, చంకలోకి ఎలా పాకింది అని రెండోది.

ముందు పని సంగతి. ఆ టెస్టు అడగడంలో తప్పేమీ లేదు, కానీ ఇవాళే డబ్బు కట్టకండి. హెర్2 రెండు ప్లస్ అంటే ఇంకా తేలని లెక్క. హెర్2 జీన్ ప్రతులు లెక్కించే ఫిష్ అనే పరీక్ష చేసి పాజిటివో నెగటివో తేల్చాలి. పాజిటివ్ అయితే దారి వేరు: హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు, దాంతోపాటు కీమో. అప్పుడు ఎక్స్‌ప్రెషన్ టెస్టుతో పనే లేదు. నెగటివ్ అని తేలాకే ఆ టెస్టుకి అడగడానికి ఒక ప్రశ్నంటూ మిగులుతుంది: కీమో అవసరమా, కాదా అని. రెండిటికీ ఒకేసారి శాంపిల్ పంపేసే తొందర కొన్నిచోట్ల ఉంటుంది. ఫిష్ రిపోర్టు వచ్చేదాకా ఆగుదామని చెప్పండి, ఆ కొద్ది రోజుల్లో కొంపేం మునగదు.

ఇక మొదటి ప్రశ్న. రక్తంతో చేసిన పరీక్ష చూసింది అమ్మగారు పుట్టుకతో తెచ్చుకున్న డీఎన్‌ఏని. రొమ్ము క్యాన్సర్లలో అలా వంశం నుంచి వచ్చిన లోపం వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. మిగతావాళ్లకి ఆ పరీక్షలో ఏమీ కనబడదు, కనబడకపోవడమే మామూలు. మీ అక్కచెల్లెళ్లకి అది మంచి కబురు. అమ్మగారి గడ్డ గురించి మాత్రం అది చెప్పేది ఏమీ లేదు. గడ్డ కణాల్లో నడివయసులో జరిగిన మార్పులు రక్తంలోని తెల్లకణాల్లో ఎలా కనబడతాయి? రిపోర్టులో 'అర్థం తేలని మార్పు' అని ఏదైనా రాసి ఉంటే దాన్ని లోపంగా లెక్కేసి బెంబేలెత్తకండి, దాన్ని బట్టి చికిత్స మార్చరు.

మనిషి కణంలో ప్రొటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20,000. పాలనాళం కణంలోనూ అవే, కాలేయం కణంలోనూ అవే. ఏ జీన్ నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తీయాలి, దాన్నుంచి ఎంత ప్రొటీను చేయాలి అన్నదాంట్లోనే ఉంది తేడా అంతా. ఎక్స్‌ప్రెషన్ అంటే ఈ తయారీయే. దీనికి అదుపు చాలాచోట్ల ఉంటుంది. జీన్ మొదట్లో ప్రొమోటర్ అనే భాగం, ఒక్కోసారి లక్షల డీఎన్‌ఏ అక్షరాల దూరంలో ఎన్‌హాన్సర్ అనే భాగం ఉంటాయి. వాటిని పట్టుకునే ప్రొటీన్లు ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుంటే ఆ చోటు చదవడానికి వీలుండదు, వదులైతే వీలుంటుంది. ప్రొమోటర్ మీద మెథైల్ గుంపులు దట్టంగా అంటుకుంటే ఆ జీన్ మూతపడుతుంది. ఇవన్నీ దాటి ఆర్‌ఎన్‌ఏ బయటికొచ్చినా, మైక్రోఆర్‌ఎన్‌ఏలనే చిన్న ముక్కలు దాన్ని పట్టుకుని ప్రొటీను కాకుండా ఆపగలవు. 2024 వైద్య నోబెల్ వచ్చింది ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏలను కనిపెట్టినందుకే.

క్యాన్సర్ అంటే జీన్‌లో అక్షరం తప్పడమేనని చాలామంది అనుకుంటారు. అక్షరం తప్పడం ఉంది, కణాన్ని అదుపులో పెట్టే పీ53 జీన్ దాదాపు సగం క్యాన్సర్లలో దెబ్బతింటుంది. కానీ అక్షరం చెక్కుచెదరకుండానే మోతాదు తప్పిన క్యాన్సర్లు కూడా బోలెడు. దీనికి తేటతెల్లమైన ఉదాహరణ బర్కిట్ లింఫోమా, బీ కణాలనే తెల్లకణాల క్యాన్సర్. అందులో ఎనిమిదో క్రోమోజోమ్ మీది మిక్ జీన్ తెగి పద్నాలుగో క్రోమోజోమ్ మీదికి, యాంటీబాడీలు తయారుచేసే జీన్ పక్కకి చేరుతుంది. సందు చివరి కిరాణా కొట్టుని సరుకుతో సహా ఎత్తుకెళ్లి మెజెస్టిక్ బస్టాండు ముందు పెట్టినట్టు. సరుకు మారలేదు, బేరం మారింది. బీ కణాల్లో యాంటీబాడీ జీన్ల ఎన్‌హాన్సర్ రాత్రింబవళ్లు పనిచేస్తుంది కాబట్టి దాని పక్కన పడ్డ మిక్ కూడా ఆగకుండా తయారవుతుంది. మిక్ చాలా జీన్లను నడిపించే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు, దాంతో కణం విభజన మానదు.

అమ్మగారి రిపోర్టులోని హెర్2 ఇంకో రకం. ఆ జీన్ ఉండేది పదిహేడో క్రోమోజోమ్ మీద, మామూలు కణంలో 2 ప్రతులు. కొన్ని గడ్డల్లో ఆ చిన్న ముక్క మళ్లీమళ్లీ నకలై పదులకొద్దీ ప్రతులవుతుంది. మామూలు కణం పొర మీద ఇరవై వేల నుంచి యాభై వేల హెర్2 ప్రొటీన్లుంటే, ఇలాంటి కణం మీద ఇరవై లక్షల దాకా ఉంటాయి. అంత కిక్కిరిసి ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి తగిలి, బయటి నుంచి ఏ సంకేతమూ రాకుండానే పెరగమని లోపలికి చెబుతూనే ఉంటాయి. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం ఈ రకం. 1987లో డెనిస్ స్లామన్ బృందం ఈ నకళ్లున్న గడ్డలు త్వరగా తిరగబెడతాయని చూపింది. 1998లో ట్రాస్టుజుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు భయపెట్టిన మాట హెర్2 పాజిటివ్, ఇప్పుడు మందున్న మాట.

మూతపడటం వల్ల వచ్చేవీ ఉన్నాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎంఎల్‌హెచ్1 అనే మరమ్మతు ప్రొటీను లేదని రిపోర్టు వస్తే ఇంట్లోవాళ్లందరికీ లించ్ సిండ్రోమ్ (వంశంలో పేగు క్యాన్సర్ తెచ్చే లోపం) అని గాభరా పుడుతుంది. వయసు మీరినవాళ్లలో ఎక్కువసార్లు అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు, ఆ జీన్ ప్రొమోటర్ మీద మెథైల్ గుంపులు పేరుకుని మూతపడటం. గడ్డలో బీఆర్‌ఏఎఫ్ జీన్‌లో వీ600ఈ అనే మార్పు ఉందో లేదో, ప్రొమోటర్‌కి మెథైలేషన్ ఉందో లేదో ముందు చూస్తే పిల్లలకి అనవసరంగా రక్తపరీక్షలు తప్పుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ వైరస్ మన డీఎన్‌ఏలో దూరేటప్పుడు తరచుగా తన ఈ2 జీన్‌ని పోగొట్టుకుంటుంది. ఈ6, ఈ7 జీన్లను అదుపులో పెట్టేది ఈ2నే. అది పోగానే ఆ రెండూ చెలరేగుతాయి, ఈ6 పీ53ని నాశనం చేస్తుంది, ఈ7 విభజనకి బ్రేకు వేసే ఆర్‌బీ ప్రొటీనుని పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. ఇక్కడ పీ53 జీన్‌ని చదివి చూస్తే భేషుగ్గా ఉంటుంది, ప్రొటీను మాత్రం మిగలదు.

అమ్మగారి విషయంలో అన్నిటికంటే పెద్ద పాత్ర ఈఆర్‌ది. మామూలుగా దాన్ని 'హార్మోన్ రిసెప్టర్' అనేసి ఊరుకుంటారు. అది స్వయానా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు. ఈస్ట్రోజెన్ తగిలితే డీఎన్‌ఏ మీద తనకి సరిపోయే చోట్లను పట్టుకుని సైక్లిన్ డీ1, మిక్ లాంటి విభజన జీన్లను తెరుస్తుంది. పీఆర్ జీన్ కూడా అది తెరిచేదే. అందుకే రిపోర్టులో ఈఆర్ పక్కన పీఆర్ కూడా చూస్తారు: ఈఆర్ ఉండటం ఒకటి, అది పనిచేస్తూ ఉండటం ఇంకొకటి. 90, 60 అని రెండూ గట్టిగా ఉన్నాయంటే ఈ గడ్డ ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి బతుకుతోందని అర్థం, హార్మోన్ మాత్రలు బాగా పనిచేసే అవకాశం ఎక్కువ.

ఆ మాత్రల దుష్ప్రభావాలు కూడా ఇక్కడి నుంచే అర్థమవుతాయి. టామాక్సిఫెన్ రొమ్ము కణంలో ఈఆర్‌ని పట్టుకున్నప్పుడు జీన్లను మూసే సహాయ ప్రొటీన్లు వచ్చి చేరతాయి, గర్భాశయం పొరలో తెరిచేవి చేరతాయి. ఒకే మందు, ఒకే రిసెప్టరు, చుట్టూ ఉన్న సహాయకులు వేరు. అందుకే టామాక్సిఫెన్ మీద ఉన్నవాళ్లకి, అందులోనూ నెలసరి ఆగినవాళ్లకి, మళ్లీ రక్తం కనబడితే ఒక్క మరక అయినా డాక్టరుకి చెప్పాలి. అమ్మగారి వయసుకి లెట్రోజోల్ లేదా అనాస్ట్రోజోల్ రాసే అవకాశం ఎక్కువ. అవి ఈస్ట్రోజెన్ తయారీనే ఆపేస్తాయి కాబట్టి ఎముక పలచబడుతుంది. మొదలుపెట్టే ముందే డెక్సా స్కాన్ (ఎముక గట్టిదనం కొలిచేది), విటమిన్ డీ చూపించుకోండి.

ఈ కణాలు చంకలోకి ఎలా చేరాయన్నది రెండో ప్రశ్న. గడ్డ ఉన్నచోటే పెరగడానికి కావలసిన మార్పులు చాలావరకు డీఎన్‌ఏలో దొరుకుతాయి. పాకిన గడ్డని తీసి మొదటి గడ్డతో పోలిస్తే ముఖ్యమైన లోపాలు సాధారణంగా రెండిట్లోనూ అవే. పాకడానికంటూ అందరిలోనూ కనబడే ప్రత్యేకమైన లోపం ఏదీ బయటపడలేదు. పాకడంలో ఎక్కువ భాగం జీన్ల మోతాదు మార్చుకోవడం వల్లే జరుగుతుంది, పైగా ఆ మార్పు వెనక్కి కూడా తిరుగుతుంది.

పాలనాళం కణాలను పక్కపక్కన అతుక్కునేలా పట్టి ఉంచేది ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రొటీను. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు పెరిగితే ఆ జీన్‌ని మూసేస్తాయి, ఎన్-క్యాడ్‌హెరిన్, వైమెంటిన్ లాంటివి పెరుగుతాయి, కణం సాగి కదలడం మొదలెడుతుంది. దీనికి పురమాయింపు తరచు చుట్టుపక్కల కణాలు విడుదల చేసే టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రొటీను నుంచి వస్తుంది. గడ్డ పెరిగేకొద్దీ రక్తనాళానికి దూరమైన కణాలకి ఆక్సిజన్ చాలదు. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఎప్పటికప్పుడు నాశనమయ్యే హిఫ్-1 అనే ప్రొటీను అప్పుడు నిలదొక్కుకుని, కొత్త నాళాలు పిలిచే వీఈజీఎఫ్‌ని, దాంతోపాటు ఈ ట్విస్ట్, స్నెయిల్‌లని కూడా లేపుతుంది.

జెబ్1కి ఎదురు నిలిచేది మిర్-200 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ కుటుంబం. అది జెబ్1ని అణుస్తుంది, జెబ్1 దాన్ని అణుస్తుంది. ఇలా ఒకదాన్నొకటి అణిచే జంట ఉంటే కణం ఒక స్థితిలో కుదురుకుంటుంది, తోస్తే ఇంకో స్థితికి దొర్లుతుంది. మధ్యలో సగం అతుకు, సగం కదలిక ఉన్న స్థితి కూడా ఉంది. మన బెంగళూరులోనే ఐఐఎస్‌సీలో (భారతీయ విజ్ఞాన సంస్థలో) మోహిత్ కుమార్ జాలీ బృందం ఈ మధ్యస్థితి మీదే గణిత నమూనాలతో పనిచేస్తోంది. ఆ మధ్యస్థితి ప్రమాదకరం ఎందుకంటే కణాలు ఒంటరిగా కాక గుత్తులుగా విడిపోతాయి. రక్తంలోకి దిగిన ఒంటరి కణాల్లో అత్యధికం చచ్చిపోతాయి, గుత్తులు వేరుచోట నాటుకునే అవకాశం ఎక్కువ. దిగినచోట మళ్లీ ఈ-క్యాడ్‌హెరిన్ తెరుచుకుని కణాలు గడ్డ కడతాయి. ఇదంతా డీఎన్‌ఏ మార్పైతే ఇలా ముందుకీ వెనక్కీ తిరగడం కుదరదు.

చంకే ఎందుకు? రొమ్ము నుంచి లింఫు ఎక్కువగా పారేది అటే, అదొక కారణం. రెండోది, చాలా రొమ్ము క్యాన్సర్ కణాలు పొర మీద సీఎక్స్‌సీఆర్4, సీసీఆర్7 అనే ప్రొటీన్లు ఎక్కువగా తయారుచేస్తాయి. ఇవి మామూలుగా తెల్లకణాలు నోడ్ల వాసన పట్టి అటు వెళ్లడానికి వాడుకునేవి. వాటిని పిలిచే పదార్థాలు నోడ్లు, ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయంలో ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ పాకే చోట్లు కూడా ఇవే. ఎముకలోకి చేరిన కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే ప్రొటీను తయారుచేస్తే ఎముకను తినే కణాలు లేస్తాయి. ఎముక కరిగినప్పుడు అందులో దాగిన టీజీఎఫ్-బీటా బయటపడి క్యాన్సర్ కణానికి ఇంకా ఊపునిస్తుంది. జొలెడ్రోనిక్ ఆసిడ్ ఇంజెక్షన్ ఇచ్చేది ఈ చక్రాన్ని తెంపడానికి. బయాప్సీ సూది గుచ్చడం వల్లే నోడ్‌లోకి పాకిందేమో అని ఊళ్లో ఎవరో అన్నారని రాశారు, కాదు. పైన చెప్పిన తయారంతా సూదికి చాలాముందే జరుగుతుంది.

ఇక రిపోర్టులోని అంకెల్లోకి. ఈఆర్, పీఆర్, హెర్2, కేఐ-67 నాలుగూ జీన్ ఎక్స్‌ప్రెషన్ కొలతలే. అంటే మీరు తెలియకుండానే ఆ తరహా పరీక్ష ఒకసారి చేయించేశారు. కాకపోతే ఇక్కడ కొలిచింది ఆర్‌ఎన్‌ఏని కాదు ప్రొటీనుని, అది కూడా రంగు వేసి కంటితో చూసి. కంటితో చూసే పనిలో ఎక్కడ తేడా వస్తుందో తెలిసుంటే మంచిది.

రొమ్ము ముక్క బయటికొచ్చిన క్షణం నుంచి ప్రొటీన్లు, అంతకంటే త్వరగా ఆర్‌ఎన్‌ఏ, చెడిపోవడం మొదలవుతుంది. గంటలోపు కోసి 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. కోయకుండా మొత్తంగా బకెట్లో పడేస్తే పైభాగం మాత్రమే చెడకుండా నిలబడుతుంది. ఫార్మలిన్ గంటకి ఒక మిల్లీమీటరు చొప్పున లోపలికి దిగుతుంది, లెక్కేసుకోండి, నడిమధ్యలో ఉన్న గడ్డకి అది చేరేసరికి రాత్రి గడిచిపోతుంది. అందుకే 5 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి, ముక్క పరిమాణానికి కనీసం పదింతల ఫార్మలిన్‌లో, 6 గంటలకి తగ్గకుండా 72 గంటలకి మించకుండా ఉంచాలి. శనివారం సాయంత్రం ఆపరేషన్ జరిగి, చిన్న నర్సింగ్ హోమ్ నుంచి సోమవారం ల్యాబుకి చేరే ముక్కల్లోనే ఎక్కువ తగాదా. ఇలాంటి తప్పు ఎక్కువగా ఒకే దిక్కుకి పోతుంది: ఉన్న ఈఆర్ లేనట్టు, ఉన్న హెర్2 పలచగా కనబడుతుంది. రిపోర్టులో ముక్క తీసిన సమయం, ఫార్మలిన్‌లో వేసిన సమయం రాసి ఉన్నాయేమో చూడండి. మంచి ల్యాబు రాస్తుంది.

మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు మొదట చూసేది గడ్డని కాదు, పక్కనున్న మామూలు పాలనాళాన్ని. అందులో కొన్ని కేంద్రకాలైనా గోధుమరంగు తేలకపోతే రంగే పట్టలేదని అర్థం, అప్పుడు ఈఆర్ సున్నా అని రాయకూడదు. అమ్మగారికి 90 వచ్చింది కాబట్టి ఆ బెంగ లేదు. ఎప్పుడైనా ఈఆర్ సున్నా, పీఆర్ పాజిటివ్ అని వస్తే, లేదా గ్రేడ్ 1 గడ్డకి ఈఆర్ లేదని వస్తే, నమ్మేముందు ఇంకో బ్లాకు (మైనంలో పెట్టిన గడ్డ ముక్క) మీద గానీ, ఆపరేషన్‌కి ముందు తీసిన సూది బయాప్సీ మీద గానీ మళ్లీ చేయించాలి. సన్నని సూది ముక్కకి ఫార్మలిన్ వెంటనే అందుతుంది, అందుకే చాలాసార్లు దాని మీది ఫలితమే నమ్మకమైనది.

హెర్2కి చూసేది కేంద్రకాన్ని కాదు, కణం చుట్టూ పొరని. గడ్డ కణాల్లో 10 శాతానికి మించి పొర చుట్టూ పూర్తిగా, ముదురుగా, కోళ్లగూటికి వేసే తీగవలలా గోధుమరంగు గీత కనబడితే మూడు ప్లస్. చుట్టూ ఉంది గానీ గీత పలచగా, నడిమిరకంగా ఉంటే రెండు ప్లస్. ముక్క అంచున, నలిగినచోట రంగు ఊరికే ముదురుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కణం లోపలి రంగునీ తీసుకోకూడదు. రెండు ప్లస్‌లో ఎక్కువమంది ఫిష్‌లో నెగటివ్‌గానే తేలతారు. ఫిష్‌లో హెర్2 జీన్‌కి ఒక రంగు చుక్క, పదిహేడో క్రోమోజోమ్ మధ్యభాగానికి ఇంకో రంగు చుక్క వెలిగేలా చేసి కనీసం 20 కణాల్లో లెక్కిస్తారు. నిష్పత్తి 2.0 లేదా ఎక్కువ, కణానికి సగటున హెర్2 ప్రతులు 4.0 లేదా ఎక్కువ ఉంటే పాజిటివ్. రెండూ అంతకంటే తక్కువైతే నెగటివ్. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే రంగు స్లైడుని పక్కన పెట్టుకుని మళ్లీ చూడాలి. రిపోర్టులో 'నెగటివ్' అన్న ఒక్క మాట చాలదు, ఆ రెండు అంకెలూ ఉండాలి.

కేఐ-67 విషయంలో మాత్రం నేను ఆ 22ని పట్టుకుని ఏమీ తేల్చను. విభజనలో ఉన్న కణాల్లో ఆ ప్రొటీను ఉంటుంది, ఊరికే కూర్చున్న కణంలో ఉండదు, సూత్రం బాగానే ఉంది. కానీ 5 లోపు, 30 పైన ఉన్న అంకెలే ల్యాబు మారినా నిలబడతాయి. మధ్యలోవి స్లైడులో ఏ మూల లెక్కపెట్టారన్నదాన్ని బట్టి మారిపోతాయి. ఇదే స్లైడు ఇంకోచోట 14 అని, 28 అని రావచ్చు. సరిగ్గా ఈ మధ్యలో పడ్డవాళ్లకే ఎక్స్‌ప్రెషన్ టెస్టు ఉపయోగం.

అలాంటి టెస్టుల్లో ఒకటైన ఆంకోటైప్ డీఎక్స్ 21 జీన్ల ఆర్‌ఎన్‌ఏని కొలుస్తుంది, అందులో 16 క్యాన్సర్‌కి సంబంధించినవి, 5 పోలికకి. 16లో కేఐ-67, ఈఆర్, పీఆర్, హెర్2 కూడా ఉన్నాయి. మళ్లీ అవేనా అనిపిస్తుంది, కానీ ఇక్కడ కంటితో కాక అంకెతో, అన్నీ కలిపి, విభజన జీన్లకి ఎక్కువ బరువిచ్చి లెక్కిస్తారు. స్కోరు 0 నుంచి 100. నెలసరి ఆగినవాళ్లలో, 1 నుంచి 3 నోడ్లు పాజిటివ్ ఉండి, స్కోరు 25 లోపు ఉంటే కీమో ఇచ్చినా అదనపు లాభం లేదని 2021లో వచ్చిన ఆర్‌ఎక్స్‌పాండర్ ట్రయల్ ఫలితం చెప్పింది. అమ్మగారు సరిగ్గా ఆ గుంపు. ఇదే గడ్డ నెలసరి ఆగని 42 ఏళ్ల ఆవిడకైతే ఆ మాట వర్తించదు, ఆ వయసువాళ్లకి ఆ ట్రయల్‌లో కీమోతో లాభం కనబడింది. శాంపిల్ అమెరికా వెళ్తుంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది.

బెంగళూరులోనే ఆంకోస్టెమ్ వాళ్ల క్యాన్‌అసిస్ట్ బ్రెస్ట్ ఉంది, ఖర్చు చాలా తక్కువ. అది ఆర్‌ఎన్‌ఏని కాదు, ఐదు ప్రొటీన్లను కొలుస్తుంది: సీడీ44, ఏబీసీసీ4, ఏబీసీసీ11, ఎన్-క్యాడ్‌హెరిన్, ప్యాన్-క్యాడ్‌హెరిన్. పైన పాకడం గురించి చెప్పిన క్యాడ్‌హెరిన్లే ఇక్కడ మళ్లీ కనబడుతున్నాయి చూడండి. వాటికి గడ్డ సైజు, గ్రేడ్, నోడ్ల లెక్క కలిపి తక్కువ ముప్పా ఎక్కువ ముప్పా అని చెబుతుంది. నా అభిప్రాయం దాచుకోను. కీమో మానేసినా ఫర్వాలేదని వేలమందిని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన ట్రయల్ బలం ఆంకోటైప్‌కి ఉంది, క్యాన్‌అసిస్ట్‌కి ఉన్నది పాత శాంపిళ్ల మీద చూసిన రుజువు. డబ్బు ఇబ్బంది లేకపోతే మొదటిది, ఉంటే రెండోది. అప్పు చేసి మొదటిదానికి పోవడం నేను సలహా ఇవ్వను. ఇన్సూరెన్సు ఉంటే ఈ టెస్టు ఇస్తారో లేదో ముందే రాతలో అడగండి.

ఏదైనా సరే, డాక్టరుని ఒక్క మాట అడగండి: స్కోరు ఎక్కువొస్తే అమ్మకి కీమో ఇస్తారా, తక్కువొస్తే నిజంగా మానేస్తారా? ఈ రెండిటికీ అవునంటేనే టెస్టు. గుండె జబ్బు వల్లో ఇంకో కారణం వల్లో కీమో ఎలాగూ ఇవ్వలేమంటే, లేదా స్కోరు ఎంతొచ్చినా ఇస్తామంటే, ఆ డబ్బు వృథా. నోడ్లు 4 లేదా అంతకంటే ఎక్కువైనా, హెర్2 పాజిటివ్ అయినా, ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్ అయినా ఈ టెస్టులు వర్తించవు.

ఎక్స్‌ప్రెషన్ వెనక్కి తిరుగుతుందన్నాను కదా, దాన్ని పట్టుకుని 'జీన్లను తిరిగి తెరిచే' పొడులు, డైట్లు అమ్మేవాళ్లు తయారయ్యారు. మెథైల్ గుంపులను తొలగించే అసలు మందులు ఉన్నాయి, అజాసైటిడిన్, డెసిటబీన్ అని, వాటిని వాడేది రక్తసంబంధమైన జబ్బుల్లో. రొమ్ము గడ్డలో ఒక జీన్‌ని ఎంచుకుని తెరిచే పొడి లేదు. కూరలో పసుపు వేసుకోండి, ఏం కాదు. పసుపు సారం, మిరియాల సారం కలిపిన మాత్రలు మాత్రం వద్దు, టామాక్సిఫెన్ ఒంట్లో మారి తయారయ్యే ఎండాక్సిఫెన్ మోతాదుని అవి తగ్గించినట్టు తేలింది. దిగులుకి రాసే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ కూడా అంతే. అమ్మగారికి టామాక్సిఫెన్ మొదలైతే ఆవిడ వాడే మాత్రలన్నీ సంచీలో వేసుకుని వెళ్లి చూపించండి.

ఇంకో సంగతి. ఎప్పుడైనా, పదేళ్ల తర్వాతైనా, మళ్లీ ఎక్కడైనా గడ్డ కనబడితే పాత రిపోర్టు మీద మందు మొదలుపెట్టనివ్వకండి. ఈఆర్, హెర్2 రెండూ పాకినచోట మారిపోవచ్చు, కొత్త ముక్క తీసి మళ్లీ చూడాలి. ఎముక ముక్కైతే దాన్ని మెత్తబరచడానికి గాఢమైన ఆసిడ్ బదులు ఈడీటీఏ వాడమని ముందే చెప్పాలి, ఆసిడ్‌లో ఈ పరీక్షలన్నీ పాడవుతాయి. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ చాలా ఏళ్లు ఊరుకుని మళ్లీ లేవగలదు కాబట్టి మాత్రలు ఐదేళ్లు, కొందరికి అంతకుమించి ఇస్తారు. బాగున్నాను కదా అని మధ్యలోనే మానేసేవాళ్లు చాలామంది.

ఫిష్‌కి బ్లాకు ఇచ్చేటప్పుడు: గడ్డ ఎక్కువగా ఉన్న మైనపు బ్లాకు ఏదో పాథాలజిస్టుని అడిగి దాని నంబరు, ఉదాహరణకి ఏ3, రిపోర్టు కాపీ మీద రాయించుకోండి. వీలైతే కోసిన స్లైడ్లు కాక బ్లాకే తీసుకెళ్లండి. కోసి పెట్టిన స్లైడు మీద ఆరు వారాలు దాటితే రంగు పలచబడుతుంది, బ్లాకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. స్లైడ్లే ఇస్తామంటే 4 మైక్రాన్ల మందంతో, పూత పూసిన గాజు మీద, ఆ వారంలోనే కోయించమనండి. మామూలు రంగు వేసిన స్లైడు ఒకటి కూడా పెట్టించండి. బ్లాకుని ఎండలో ఆపిన కారులో వదలకండి, మైనం మెత్తబడుతుంది. ఇచ్చినచోట రసీదు తీసుకోండి, పరీక్ష అయ్యాక మిగిలిన బ్లాకు తిరిగి ఇవ్వాలని ఆ రసీదు మీదే రాయించండి. ఫిష్ అంకెలు రెండూ వచ్చాక ఇక్కడ పెట్టండి, అప్పుడు మిగతాది మాట్లాడుకుందాం.